ఆడియోస్లేవ్ రెండో ఆల్బమ్ ‘అవుట్ ఆఫ్ ఎగ్జైల్’: తరచుగా అడిగే ప్రశ్నలు

మనలో హార్డ్ రాక్ వినేవాళ్ల మధ్య అమెరికన్ బ్యాండ్ ఆడియోస్లేవ్ పేరు వస్తే మాట వాళ్ల మొదటి ఆల్బమ్‌లోని ‘లైక్ ఎ స్టోన్’తో మొదలై చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. రెండో ఆల్బమ్ దాకా వెళ్లినవాళ్లకు మాత్రం సందేహాలు మొదలవుతాయి, అవి కూడా ఎప్పుడూ ఒకటే రకం. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు అన్నీ ఇక్కడ పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. పాటల మంచిచెడ్డల గురించి రాసింది నా అభిప్రాయం, మీది వేరుగా ఉండొచ్చు.

## ముందుగా బ్యాండ్ గురించి

సూపర్‌గ్రూప్ అంటే ఏంటి? ఆడియోస్లేవ్‌ని అలా ఎందుకంటారు?

వేరే బ్యాండ్లలో అప్పటికే పేరు తెచ్చుకున్నవాళ్లు కలిసి కొత్తగా పెట్టుకున్న బ్యాండ్‌ని సూపర్‌గ్రూప్ అంటారు. ఆడియోస్లేవ్‌లో గాయకుడు క్రిస్ కార్నెల్ సియాటిల్‌కి చెందిన సౌండ్‌గార్డెన్ నుంచి వచ్చాడు. గిటార్ వాయించే టామ్ మొరెల్లో, బేస్ వాయించే టిమ్ కామర్‌ఫోర్డ్, డ్రమ్మర్ బ్రాడ్ విల్క్ ముగ్గురూ లాస్ ఏంజెలెస్‌కి చెందిన రేజ్ అగైన్‌స్ట్ ది మెషిన్ వాళ్లు. అంటే నలుగురు నాలుగు చోట్ల నుంచి రాలేదు. ఏళ్ల తరబడి కలిసి వాయించిన ముగ్గురి దగ్గరికి బయటి నుంచి ఒక గొంతు వచ్చింది. ఈ బ్యాండ్ బలమూ ఇబ్బందీ రెండూ అక్కడే ఉన్నాయి.

అసలు వీళ్లు ఎలా కలిశారు?

2000 అక్టోబరులో రేజ్ నుంచి గాయకుడు జాక్ డి లా రోచా వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురూ విడిపోకూడదని అనుకున్నారు. కార్నెల్‌తో వాయించి చూడమని సలహా ఇచ్చింది ప్రొడ్యూసర్ రిక్ రూబిన్. ఆ గొంతు ఎంత దూరం వెళ్లగలదో చూపించడానికి సౌండ్‌గార్డెన్ పాట ‘స్లేవ్స్ అండ్ బుల్డోజర్స్’ వినిపించాడు. సౌండ్‌గార్డెన్ 1997లోనే విడిపోయింది, కార్నెల్ 1999లో ఒక సోలో ఆల్బమ్ చేసి ఉన్నాడు. 2001లో నలుగురూ కూర్చుంటే 19 రోజుల రిహార్సల్లో 21 పాటలు పుట్టాయి.

తర్వాత అంతా సాఫీగా సాగలేదు. 2002 మార్చిలో కార్నెల్ బయటికి వెళ్లిపోయాడు, కొన్ని వారాలకు తిరిగొచ్చాడు. ఆ రోజుల్లోనే డెమో పాటలు ‘సివిలియన్’ అనే పేరుతో ఇంటర్నెట్‌లోకి లీకయ్యాయి.

ఆడియోస్లేవ్ పేరుతో ఇంకో బ్యాండ్ ఉండేదట, నిజమేనా?

నిజమే. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో అదే పేరుతో ఒక చిన్న బ్యాండ్ అప్పటికే ఉండేది. డబ్బిచ్చి సర్దుబాటు చేసుకున్నారు, వాళ్లు పేరు మార్చుకున్నారు.

మొదటి ఆల్బమ్‌కీ రెండోదానికీ మధ్య ఏం మారింది?

మూడు సంగతులు. మొదటిది టూర్. 2002 నవంబరులో మొదటి ఆల్బమ్ వచ్చాక 2003లో వీళ్లు లొల్లపలూజా సంగీతోత్సవంతో సహా చాలా చోట్ల కలిసి వాయించారు. మొదటి ఆల్బమ్ చేసేటప్పుడు ఒకరికొకరు కొత్త. రెండోదానికి వచ్చేసరికి కార్నెల్ ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో విల్క్‌కి తెలుసు, మొరెల్లో ఎక్కడ ఆగుతాడో కార్నెల్‌కి తెలుసు.

రెండోది కార్నెల్ జీవితం. మద్యం వ్యసనానికి చికిత్స తీసుకుని బయటపడ్డాడు. 2004లో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, అదే ఏడాది కూతురు పుట్టింది.

మూడోది నమ్మకం. మొదటి ఆల్బమ్ వచ్చేటప్పటికి ఇది ఎన్నాళ్లు నిలుస్తుందిలే అన్నవాళ్లే ఎక్కువ. రెండోదాని నాటికి ఆ మాట నెమ్మదించింది.

## ఆల్బమ్ తయారీ

ఎప్పుడు వచ్చింది? ఎన్ని పాటలు? ఎవరు చేశారు?

2005 మే 23న బయటి దేశాల్లో, మరుసటి రోజు అమెరికాలో విడుదలైంది. మొత్తం 12 పాటలు, 54 నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. ప్రొడ్యూసర్ మొదటి ఆల్బమ్‌కి పనిచేసిన రిక్ రూబినే. మిక్సింగ్, అంటే రికార్డు చేసిన గొంతునీ వాయిద్యాలనీ సరిపాళ్లలో కలిపే పని, మాత్రం ఈసారి బ్రెండన్ ఓబ్రయన్ చేశాడు. సౌండ్‌గార్డెన్‌తోనూ రేజ్‌తోనూ అంతకుముందే పనిచేసినవాడు కాబట్టి ఇద్దరి పద్ధతీ అతనికి తెలుసు. గొంతు ముందుకు రావడం, డ్రమ్స్ పొడిగా, దగ్గరగా వినిపించడం ఈ ఆల్బమ్‌లో గమనించొచ్చు. ఇందులో కొంత మిక్సింగ్ మహిమ ఉందని నా అనుమానం.

సీడీ మీద ఇంటర్‌స్కోప్, ఎపిక్ అని రెండు కంపెనీల పేర్లెందుకు?

కార్నెల్ ఒప్పందం ఒక కంపెనీతో, రేజ్ వాళ్ల ఒప్పందం ఇంకో కంపెనీతో ఉండేది. ఎవరూ వదులుకోలేదు కాబట్టి ఆల్బమ్‌లను వంతులవారీగా విడుదల చేయాలని ఒప్పుకున్నారు.

ఈ పాటలన్నీ కార్నెల్ సొంత కథేనా?

అన్నీ కాదు, చాలామటుకు అవును. సౌండ్‌గార్డెన్ రోజుల్లో కార్నెల్ రాసినవి ఎక్కువగా పొగమంచులో నడిచినట్టుండే పాటలు. అర్థం కంటే రంగు ముఖ్యం. ఇందులో మాత్రం సూటిగా మాట్లాడాడు. ‘డాండెలయన్’ అప్పుడే పుట్టిన కూతురి కోసం రాసింది. ‘అవుట్ ఆఫ్ ఎగ్జైల్’ అనే టైటిల్ పాటలో, ‘ది వర్మ్’లో ఒంటరితనం నుంచి బయటికి నడిచొచ్చిన మనిషి కనిపిస్తాడు.

మొదటి పాట ‘యువర్ టైమ్ హాజ్ కమ్’ చావు గురించి. చిన్న వయసులో పోయిన స్నేహితుల్ని తలుచుకుంటూ మొదలై, వియత్నాం యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన స్మారక స్థూపం దాకా వెళ్తుంది. సియాటిల్ సంగీతకారుల్లో ఎంతమంది ముప్పై దాటకుండా పోయారో తెలిసినవాళ్లకు ఆ పాట మామూలు రాక్ పాటలా వినిపించదు.

ఇలా సూటిగా రాయడం అందరికీ నచ్చలేదు. పాత కార్నెల్ చెప్పకుండా వదిలేసిన వాటిలోనే అందం ఉండేదన్నవాళ్లున్నారు. ‘బీ యువర్‌సెల్ఫ్’ లాంటి చోట్ల వాళ్ల మాట కొట్టిపారేయలేను.

గొంతు మొదటి ఆల్బమ్‌లో కంటే బాగుందంటారు. నిజంగా తేడా ఉందా?

ఉంది. మొదటి ఆల్బమ్‌లో కార్నెల్ పైస్థాయికి వెళ్లిన ప్రతిసారీ గొంతు గీరుకుంటుంది. అక్కడక్కడ అది పాటకు పనికొచ్చింది కూడా. రెండో ఆల్బమ్‌లో అదే పైస్థాయిలో స్వరం నిండుగా నిలబడుతుంది, కింది స్థాయిలో మెత్తగా పలుకుతుంది. తాగుడు, సిగరెట్లు మానేసిన ఫలితమే ఇదని అప్పటి సమీక్షల్లో చాలామంది రాశారు. పరీక్ష చేయాలంటే మొదటి ఆల్బమ్‌లోని ‘కొచీస్’ విని వెంటనే ఇందులోని ‘హెవెన్స్ డెడ్’ వినండి. ఒకటి అరుపు, ఒకటి నెమ్మది పాట కాబట్టి న్యాయమైన పోలిక కాదంటారేమో. అలాగైతే ‘యువర్ టైమ్ హాజ్ కమ్’ పల్లవి పెట్టుకోండి.

## వింటున్నప్పుడు

ఇది సౌండ్‌గార్డెన్ లాగా ఉంటుందా, రేజ్ లాగా ఉంటుందా?

రెండింటిలా ఉండదు. ఈ ఆల్బమ్ మీద పొగడ్తా తిట్టూ రెండూ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

మొదటి ఆల్బమ్‌లో అతుకు కనిపిస్తుంది. రేజ్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) ఒకటి మొదలవుతుంది, దాని మీద సౌండ్‌గార్డెన్ గొంతు వచ్చి కూర్చుంటుంది. ‘కొచీస్’ అలాంటిదే, ఆ రాపిడిలోంచే దాని నిప్పు పుట్టింది. ‘అవుట్ ఆఫ్ ఎగ్జైల్’కి వచ్చేసరికి అతుకు మాయమైంది. రిఫ్‌లు బాణీకి చోటిస్తాయి, బేస్ పాటను మోస్తుంది, డ్రమ్స్ తొందరపడవు. 1970ల నాటి హార్డ్ రాక్ వాసన ఎక్కువ, ర్యాప్ ఊపు తక్కువ. సౌండ్‌గార్డెన్‌లో ఉండే వంకర తాళాలు కూడా దాదాపు లేవు. విల్క్, కామర్‌ఫోర్డ్ ఇద్దరిదీ నిలకడైన నడక.

నలుగురూ ఒక్క బ్యాండ్‌లా వినిపించిన మొదటి ఆల్బమ్ ఇదే అని నా లెక్క. అలా కలిసిపోవడంలో ఇద్దరి మొనలూ కొంచెం అరిగాయి. మీకు కలయిక కావాలా, మొన కావాలా అన్నదాన్ని బట్టి ఈ ఆల్బమ్ మీకు నచ్చుతుందో లేదో ముందే చెప్పేయొచ్చు.

మొరెల్లో గిటార్‌లో ఆ వింత శబ్దాలు తగ్గిపోయాయేం?

రేజ్‌లో డి లా రోచా ర్యాప్ చేస్తుంటే బాణీ అనేది పెద్దగా ఉండేది కాదు. ఆ ఖాళీని మొరెల్లో డీజేలు రికార్డును గీకినట్టుండే శబ్దాలతో, సైరన్లతో, స్వరాన్ని పైకీ కిందికీ లాగే వామీ పెడల్ కేకలతో నింపేవాడు. శాంపిళ్లు, కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదని ఆల్బమ్ మీద రాసుకున్నారు కూడా. కార్నెల్ పక్కన ఆ ఖాళీ లేదు, గొంతే మొత్తం నింపేస్తుంది. కాబట్టి మొరెల్లో వెనక్కి జరిగి, పాటలా సాగే సోలోలు (గిటార్ ఒక్కటే ముందుకొచ్చే భాగాలు) ఎక్కువ వాయించాడు. వింతలు పూర్తిగా పోలేదు, ఎక్కువగా సోలో దగ్గరికి చేరాయి. గిటార్ కోసమే రేజ్ విన్నవాళ్లకు ఇది నిరాశే. పాట కోసం వినేవాళ్లకు, నాతో సహా, ఇది అతని పెద్దమనసులా కనిపిస్తుంది.

‘బీ యువర్‌సెల్ఫ్’ మరీ మామూలుగా ఉంది. ఇదా అంత పెద్ద హిట్?

ఇదే. ఆల్బమ్ నుంచి వచ్చిన మొదటి సింగిల్ (విడిగా విడుదల చేసిన పాట), అమెరికాలో సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వాళ్ల రెండు రాక్ రేడియో చార్టుల్లోనూ 1వ స్థానానికి వెళ్లింది. కారులో, పనిలో, పక్కన ఎవరున్నా వినదగ్గ పాట. నెమ్మదిగా మొదలై, పల్లవి దగ్గర తెరుచుకుని, ఎవరికైనా ఒకసారి వింటే నోటికొస్తుంది.

మాటలు మాత్రం ఎవరైనా చెప్పగల సలహాలా ఉన్నాయన్నది నిజం. నీలా నువ్వుండు అనడానికి ఇంత గొంతు కావాలా అని నాకూ అనిపిస్తుంది. కానీ చికిత్స పూర్తి చేసి, చుట్టూ ఉన్నవాళ్లు పోగా మిగిలిన మనిషి అంటున్న మాట అని తెలిశాక కొంచెం మెత్తబడ్డాను. ఈ ఒక్క పాట విని ఆల్బమ్ మీద తీర్పు చెప్పకండి.

‘డజంట్ రిమైండ్ మీ’ వీడియోలో ఆ అబ్బాయి కథ ఏంటి?

పాటలో కార్నెల్ తనకు నచ్చే చిన్నచిన్న పనుల్ని వరుసగా చెబుతాడు. అవి ఎందుకు నచ్చుతాయంటే, ఏ జ్ఞాపకాన్నీ తట్టిలేపవు కాబట్టి. చరణాలు సరదాగా, దాదాపు పిల్లల పాటలా సాగుతాయి. కారణం తెలిశాక ఆ సరదా కిందున్న బరువు తగులుతుంది. తర్వాత గిటార్లు విరుచుకుపడతాయి.

క్రిస్ మిల్క్ తీసిన వీడియో దీనికి వేరే కథ కలిపింది. ఒక చిన్న అబ్బాయి బాక్సింగ్ నేర్చుకుంటుంటాడు, అతని తండ్రి ఇరాక్ యుద్ధంలో చనిపోయిన సైనికుడు. 2005లో ఆ యుద్ధం జరుగుతూనే ఉంది. పాటలో రాజకీయం లేదు, వీడియోలో ఉంది. మొత్తం ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే బాగా నచ్చేది ఇదే.

హిట్లు పక్కనపెడితే ఏవి వినాలి?

‘నంబర్ వన్ జీరో’తో మొదలుపెట్టండి. ఆల్బమ్ చివర్లో, పదకొండో పాటగా దాక్కుని ఉంటుంది. ఒకరి మీద పిచ్చి వ్యామోహం పెంచుకున్నవాడి గొంతు అది. దాదాపు గుసగుసలా మొదలై, మెల్లగా ముడి బిగుస్తూ వెళ్తుంది. కార్నెల్ కింది స్థాయి ఎంత బాగుంటుందో, విల్క్ తక్కువ వాయించి ఎంత చేస్తాడో రెండూ ఇందులో తెలుస్తాయి.

ఊపు కావాలంటే ‘మ్యాన్ ఆర్ యానిమల్’, బరువు కావాలంటే ‘డ్రౌన్ మీ స్లోలీ’. ఆఖరి పాట ‘ది కర్స్’ మొదటి రెండుసార్లు విన్నప్పుడు జారిపోతుంది, తర్వాత పట్టుకుంటుంది.

ఏ పాట దాటేయొచ్చు?

నేనైతే ‘యెస్టర్‌డే టు టుమారో’. చెడ్డ పాట కాదు. అప్పటికి తొమ్మిదో పాట, మధ్యస్థ వేగం, అంతకుముందు విన్నదే మళ్లీ వింటున్నట్టుంటుంది. 12 బదులు 10 పాటలే ఉంటే ఆల్బమ్ ఇంకా బిగువుగా ఉండేది.

## జనం ఏమన్నారు

ఇది 1వ స్థానంలో మొదలైంది కదా, మరి మొదటి ఆల్బమే పెద్ద హిట్ అంటారేం?

రెండూ నిజమే, కొలిచే పద్ధతి వేరు. ఓపెనింగ్స్ బాగా వచ్చిన సినిమా వేరు, వంద రోజులు ఆడిన సినిమా వేరు అని మనవాళ్లకు చెప్పక్కర్లేదు.

మొదటి ఆల్బమ్ 2002లో అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో 7వ స్థానంలో మొదలైంది, మొదటి వారం అమ్ముడైనవి సుమారు 1.62 లక్షల కాపీలు. ‘అవుట్ ఆఫ్ ఎగ్జైల్’ నేరుగా 1లో దిగింది, మొదటి వారం సుమారు 2.63 లక్షలు. ఆడియోస్లేవ్‌కి అమెరికాలో 1వ స్థానం దక్కింది ఈ ఒక్కసారే. అయితే కాలం గడిచాక మొదటిది అమెరికాలో ట్రిపుల్ ప్లాటినం, అంటే 30 లక్షల కాపీల గుర్తింపు తెచ్చుకుంది. రెండోది 10 లక్షల ప్లాటినం దగ్గర ఆగింది.

నా ఉద్దేశంలో మొదటి వారం అమ్మకం కొత్త ఆల్బమ్ గురించి పెద్దగా ఏమీ చెప్పదు. అప్పటికి పాటలు ఎవరూ పూర్తిగా వినలేదు. ముందటి ఆల్బమ్ సంపాదించి పెట్టిన నమ్మకాన్ని అది చూపిస్తుంది. ‘లైక్ ఎ స్టోన్’, ‘షో మీ హౌ టు లివ్’, ‘ఐ యామ్ ది హైవే’ రెండేళ్లపాటు రేడియోలో మోగి కూడబెట్టిన అప్పు 2005 మే చివరి వారంలో వసూలైంది. తర్వాత నెలల తరబడి కొత్తవాళ్లను లాక్కొచ్చే పాట కావాలి. ‘బీ యువర్‌సెల్ఫ్’ రేడియోలో గెలిచింది గానీ, ‘లైక్ ఎ స్టోన్’లా రాక్ వినని ఇళ్లలోకి వెళ్లలేకపోయింది.

దీనికి తోడు 2005 నాటికి సీడీల అమ్మకాలే పడిపోతున్నాయి, జనం డౌన్‌లోడ్ల వైపు మళ్లుతున్నారు. తేడా అంతా ఆల్బమ్ నెత్తిన రుద్దడం అన్యాయం.

విమర్శకులు బాగా రాశారా, తిట్టారా?

మొదటి ఆల్బమ్ మీద కంటే మెరుగ్గా రాశారు. రెండు బ్యాండ్ల ముక్కలు పక్కపక్కన పెట్టినట్టు కాకుండా ఇప్పుడు ఒక బ్యాండ్ వినిపిస్తోంది అన్నది ఎక్కువమంది ఒప్పుకున్న మాట. కార్నెల్ గొంతుకీ మంచి మార్కులు పడ్డాయి.

తిట్లు రెండు చోట్ల పడ్డాయి. సాహిత్యం బలహీనంగా, కొన్నిచోట్ల చప్పగా ఉందన్నారు. అంత ప్రతిభ ఉన్నవాళ్లు ఇంత జాగ్రత్తగా, ఇంత మామూలు రాక్ ఎందుకు చేస్తున్నారన్నది రెండోది. మొత్తమ్మీద ఎవరూ గొప్ప కళాఖండం అనలేదు, ఎవరూ చెత్త అని పారేయలేదు. ఇలాంటి ఆల్బమ్‌లకే అభిమానుల మధ్య వాదనలు ఎక్కువకాలం నడుస్తాయి.

రేజ్ అభిమానులకు ఈ ఆల్బమ్ మీద అంత కోపం ఎందుకు?

2005 సంగతి గుర్తు తెచ్చుకోండి. ఇరాక్ యుద్ధం నడుస్తోంది, బుష్ రెండోసారి గెలిచాడు. 1990లలో రేజ్ పాటలు విని రాజకీయం నేర్చుకున్న కుర్రాళ్లకు అప్పుడు రేజ్ కావాలి. ఆ బ్యాండ్‌లోని ముగ్గురు వచ్చి కూతురి మీద పాట, ఒంటరితనం మీద పాట వినిపించారు. కోపం రాకపోతేనే ఆశ్చర్యం.

అయితే కార్నెల్ మొదటి నుంచీ ఒక మాట మీదే ఉన్నాడు. తాను రాజకీయ బ్యాండ్‌కి ముందు నిలబడే గాయకుణ్ని కాదని, మిగతావాళ్లు చేసే పనికి అడ్డు చెప్పనని. మొరెల్లో కూడా ఊరికే కూర్చోలేదు. సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ గాయకుడు సెర్జ్ టాంకియన్‌తో కలిసి ‘యాక్సిస్ ఆఫ్ జస్టిస్’ అనే సంస్థ నడిపాడు. ‘ది నైట్‌వాచ్‌మన్’ పేరుతో ఒంటరిగా గిటార్ పట్టుకుని రాజకీయ పాటలు పాడేవాడు. ఆ పని ఆల్బమ్ బయట జరిగింది, అంతే.

మరి సౌండ్‌గార్డెన్ అభిమానులు?

వాళ్లు కొంచెం శాంతంగానే తీసుకున్నారు. గొంతు దక్కింది కదా అన్నది ఓదార్పు. సౌండ్‌గార్డెన్ గిటారిస్టు కిమ్ తాయిల్ వాయింపులో ఉండే మురికి, చీకటి లేవన్నది బాధ. ఆ బాధకు ఈ ఆల్బమ్ దగ్గర మందు లేదు.

గ్రామీ వచ్చిందా?

రాలేదు. ‘డజంట్ రిమైండ్ మీ’ 2006 గ్రామీల్లో హార్డ్ రాక్ ప్రదర్శన విభాగంలో నామినేట్ అయింది. అవార్డు సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ పాట ‘బీ.వై.ఓ.బీ.’కి వెళ్లింది. అది కూడా ఇరాక్ యుద్ధం చుట్టూ తిరిగిన పాటే, కాకపోతే పాటలోనే అరిచి చెప్పింది. ‘అవుట్ ఆఫ్ ఎగ్జైల్’ కంటే ఒక వారం ముందు వచ్చిన వాళ్ల ‘మెజ్మరైజ్’ కూడా 1లోనే మొదలైంది. వరుసగా రెండు గట్టి రాక్ ఆల్బమ్‌లు అమెరికా చార్టు మీద కూర్చున్న రోజులవి.

## వేదిక మీద

ఈ టూర్‌లోనే పాత బ్యాండ్ల పాటలు వాయించారంటారు, ముందు ఎందుకు వాయించలేదు?

మొదటి టూర్‌లో సౌండ్‌గార్డెన్, రేజ్ పాటలు ముట్టుకోకూడదని పట్టుబట్టారు. జనం పాత పాటల కోసం వస్తే కొత్త బ్యాండ్ ఎప్పటికీ నిలబడదు కదా. రెండో ఆల్బమ్ నాటికి సొంత పాటలు కచేరీకి సరిపడా ఉన్నాయి, భయం పోయింది. 2005 నుంచి ‘బ్లాక్ హోల్ సన్’, ‘స్పూన్‌మన్’, ‘స్లీప్ నౌ ఇన్ ది ఫైర్’ లాంటివి కచేరీల్లోకి వచ్చాయి. సొంత బ్యాండ్ మీద నమ్మకం కుదిరాకే పాత తలుపులు తీశారు. జులై 2న బెర్లిన్‌లో జరిగిన లైవ్ 8 అనే పేదరిక వ్యతిరేక కచేరీలో కూడా వాయించారు.

క్యూబా కచేరీ నిజంగా అంత పెద్ద విషయమా?

అవును. 2005 మే 6న, ఆల్బమ్ ఇంకా బయటికి రాకముందే, హవానాలో సముద్రం పక్కనున్న హోసే మార్తీ సామ్రాజ్యవాద వ్యతిరేక వేదిక మీద ఉచితంగా వాయించారు. క్యూబాలో బహిరంగ కచేరీ చేసిన మొదటి అమెరికన్ రాక్ బ్యాండ్ వీళ్లే. అప్పట్లో అమెరికన్లు క్యూబా వెళ్లడమే కష్టం. అమెరికా ఖజానా శాఖ అనుమతి కావాలి, అవతల క్యూబా సంగీత సంస్థ ఒప్పుకోవాలి. రెండూ దొరికాయి. 50 వేలకు పైగా జనం వచ్చారని వార్తలొచ్చాయి. 26 పాటలు వాయించారు, అప్పటికి వాళ్ల అతి పొడవైన కచేరీ అదే.

‘లైవ్ ఇన్ క్యూబా’ డీవీడీ అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. అందులో ‘అవుట్ ఆఫ్ ఎగ్జైల్’ పాటలు ఆల్బమ్‌లో కంటే కరుకుగా, వేగంగా ఉన్నట్టు నాకనిపిస్తుంది. ఆల్బమ్ మరీ నునుపుగా ఉందని అనిపించినవాళ్లు ముందు అది చూడండి.

## ఆ తర్వాత

మూడో ఆల్బమ్ దీనికంటే బాగుందా?

‘రెవెలేషన్స్’ 2006 సెప్టెంబరులో వచ్చింది. మిక్సింగ్ చేసిన ఓబ్రయనే ఈసారి ప్రొడ్యూసర్. ఫంక్, సోల్ ఛాయలు తెచ్చారు, రాజకీయం కూడా కొంచెం తిరిగొచ్చింది. ‘వైడ్ అవేక్’ కత్రినా తుపాను సమయంలో ప్రభుత్వం చూపిన నిర్లక్ష్యం మీద రాసిన పాట. చార్టులో 2లో మొదలైంది గానీ అమ్మకాలు తగ్గాయి. సాహసంలో మూడోదే ముందు, పాటల బిగువులో రెండోదే ముందు అంటాను. మూడోదాని కోసం బ్యాండ్ టూర్ కూడా చేయలేదు. వేదిక మీద పండే అవకాశం ఆ పాటలకు దొరకలేదు.

ఇంత బాగా కుదిరాక ఎందుకు విడిపోయారు?

2007 ఫిబ్రవరిలో కార్నెల్ తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. సర్దుకోలేని వ్యక్తిగత విభేదాలు, సంగీతపరమైన తేడాలు కారణమన్నాడు. అప్పటికే అతని చేతిలో సోలో పని ఉంది. 2006లో జేమ్స్ బాండ్ సినిమా ‘క్యాసినో రాయల్’కి ‘యు నో మై నేమ్’ పాడాడు, 2007లో సోలో ఆల్బమ్ తెచ్చాడు. మిగతా ముగ్గురూ 2007 ఏప్రిల్‌లో కోచెల్లా సంగీతోత్సవంలో డి లా రోచాతో కలిసి రేజ్‌గా వేదికెక్కారు. మొదటి రోజు నుంచీ ఉన్న లెక్కే మళ్లీ పైకొచ్చింది: ముగ్గురు ఒకవైపు, ఒకడు ఒకవైపు.

వెల్వెట్ రివాల్వర్‌తో పోలిస్తే?

గన్స్ ఎన్ రోజెస్ వాళ్లూ, స్టోన్ టెంపుల్ పైలట్స్ గాయకుడు స్కాట్ వీలాండూ కలిసిన ఆ బ్యాండ్‌ది తలకిందుల కథ. వాళ్ల మొదటి ఆల్బమ్ ‘కాంట్రాబ్యాండ్’ 2004లో 1లో దిగింది, 2007లో వచ్చిన రెండోది ‘లిబర్‌టాడ్’ 5లో మొదలైంది. మరుసటి ఏడాది గాయకుడు వెళ్లిపోయాడు. సూపర్‌గ్రూప్‌కి రెండో ఆల్బమ్ కష్టమైన మెట్టు, పేర్ల మీద కుతూహలం మొదటిదాంతోనే అయిపోతుంది. ఆ మెట్టు మీద ఆడియోస్లేవ్ పైకెక్కింది.

మళ్లీ ఎప్పుడైనా కలిసి వాయించారా?

ఒక్కసారి. 2017 జనవరి 20న, ట్రంప్ ప్రమాణ స్వీకారానికి నిరసనగా లాస్ ఏంజెలెస్‌లో జరిగిన కచేరీలో నలుగురూ మూడు పాటలు వాయించారు. అదే ఏడాది మే 18న డెట్రాయిట్‌లో కార్నెల్ చనిపోయాడు. ఆ తర్వాత ఈ బ్యాండ్ మళ్లీ కొత్త పాట చేసే ప్రశ్నే లేకపోయింది.

సౌండ్‌గార్డెన్ గానీ రేజ్ గానీ వినలేదు. నేరుగా ఈ ఆల్బమ్ వినొచ్చా?

నిరభ్యంతరంగా. నిజానికి ఈ ఆల్బమ్‌ని బాగా ఇష్టపడేది మీలాంటివాళ్లే, పోల్చడానికి మీ దగ్గర పాత లెక్కలేవీ ఉండవు. మొదటిసారి ‘డజంట్ రిమైండ్ మీ’, ‘యువర్ టైమ్ హాజ్ కమ్’, ‘నంబర్ వన్ జీరో’ మూడూ వినండి. నచ్చితే ఆల్బమ్ మొదటి నుంచి వరుసగా పెట్టుకోండి, వీలైతే ఇయర్‌ఫోన్స్ కాకుండా స్పీకర్లలో. విల్క్ డ్రమ్స్‌కి గాలి కావాలి. తర్వాత మొదటి ఆల్బమ్‌కి వెళ్లండి. సౌండ్‌గార్డెన్ ‘సూపర్‌అన్‌నోన్’, రేజ్ 1992 నాటి మొదటి ఆల్బమ్ ఆ తర్వాత తీరిగ్గా వినొచ్చు.